జోషి గారి ఐదు స్వరాలు

ఆ రోజుల్లో ఉద్యోగాల కోసం తిరిగే మాలాంటి వాళ్ళకి బయోడేటా చివర ఒక ఖాళీ గడి ఉండేది. హాబీలు అని దాని పేరు. చదువు గురించి అబద్ధం రాస్తే సర్టిఫికెట్లు అడుగుతారు, వయసు గురించి రాస్తే పదో తరగతి మార్కుల జాబితా అడుగుతారు గానీ ఆ గడిలో ఎవరేం రాసినా అడిగే నాథుడు లేడు. నా స్నేహితురాలొకతె 'పర్వతారోహణ' అని రాసింది (ఆవిడ జన్మలో ఎక్కిన ఎత్తైన చోటు గుణదల కొండ, అది కూడా మెట్ల మీదుగా, మూడు చోట్ల కూలబడి). నేను 'పియానో' అని రాశాను. అది నూటికి నూరుపాళ్ళూ అబద్ధమని అనడానికి వీల్లేదు. చిన్నప్పుడు రెండు క్రిస్మస్‌లకి చర్చిలో పిల్లల పాటకి కీబోర్డు మీద ఒక వేలితో తోడు వాయించాను. మూడో ఏడాది ఆ వేలు కూడా వద్దన్నారు. అయినా ఇరవై రెండేళ్ళ వయసులో మనిషికి తనకి వచ్చిన పనులకీ, వస్తే బాగుండుననుకునే పనులకీ మధ్య పెద్ద గీత కనిపించదు. నాకైతే అసలే కనిపించేది కాదు.

ఆ బయోడేటాతో నాకు దొరికిన ఉద్యోగం విజయవాడలో కొత్తగా కట్టిన ఒక హోటల్లో, రిసెప్షన్ ట్రైనీగా. హోటలంటే మరీ పెద్దదేం కాదు, ముప్ఫై గదులు. దాని యజమాని ఉయ్యూరు వైపు చెరుకు రైతు. పొలంలో బోరు వేయించినంత ధైర్యంగా హోటలు కట్టించి, అందరిచేతా తనని 'చైర్మన్ గారు' అని పిలిపించుకునేవారు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, జేబులో రెండు పెన్నులు, ఎప్పుడు చూసినా పెళ్ళివారిని ఎదుర్కోవడానికి బయల్దేరినట్టుండే హడావుడి. పెద్ద హోటళ్ళ లాబీల్లో పియానో ఉంటుందని ఎవరో చెబితే ఆయన హైదరాబాదు నుంచి ఒక నల్లటి పియానోని లారీలో తెప్పించి రిసెప్షన్‌కి ఎదురుగా పెట్టించారు. వాయించే మనిషి కూడా ఉండాలన్న సంగతి ఆ చెప్పినాయన చెప్పలేదు కాబోలు. ఏడాదిగా దాని మూత తీసిన వాళ్ళు లేరు. పైన ఒక పూలకుండీ, పక్కన వెంకటేశ్వర స్వామి పటం, పొద్దున్నే రెండు అగరొత్తులు. ఆయుధపూజ నాడు హోటలు వ్యానుతో పాటు దానికీ బొట్టు పెట్టి గుమ్మడికాయ కొట్టారట.

నా ఆరు నెలల ట్రైనింగు మే నెలాఖరుకి పూర్తవుతుంది. ఉంచుకుంటారో పంపించేస్తారో అప్పుడు చెప్తారు. పంపించేస్తే ఏమవుతుందో మాత్రం మా నాన్న ముందే చెప్పేశారు. బీయీడీ. ఆ దరఖాస్తు ఫారం అప్పటికే కొని, మా ఇంట్లో మేరీమాత పటం వెనకాల పెట్టి ఉంచారు. నేను రోజూ ప్రార్థనకి కూర్చున్నప్పుడల్లా ఆ తల్లి భుజం మీదనుంచి ఫారం అంచు ఒకటి నన్ను తొంగి చూస్తూ ఉండేది.

మే రెండో వారంలో ఒక మధ్యాహ్నం చైర్మన్ గారు నన్ను తన గదిలోకి పిలిచారు. బల్ల మీద నా బయోడేటా ఉంది. హాబీల గడి కింద ఎర్ర పెన్నుతో గీత గీసి ఉంది.

"అమ్మాయ్, నీకు పియానో వచ్చని ఇన్నాళ్ళూ చెప్పలేదేంటి?"

"మీరు అడగలేదు కదండీ" అన్నాను. (నిజం చెప్పుకోవడానికి దేవుడిచ్చిన చక్కటి సందు అది. ఆ సందులోంచి నేను వెళ్ళలేదు.)

"మంచిది. వచ్చే గురువారం జపాన్ వాళ్ళు దిగుతున్నారు. నలుగురు. ఏదో యంత్రాల కంపెనీ. మన హోటలు నచ్చితే మూడో అంతస్తు మొత్తం ఏడాది పాటు తీసుకుంటారు. వాళ్ళు లోపల అడుగు పెట్టేసరికి వాళ్ళ దేశం పాట వినపడాలి. పరాయి ఊళ్ళో మన పాట వినపడితే కరిగిపోతామమ్మా. నేను దుబాయ్ వెళ్ళినప్పుడు ఎవడో తెలుగులో ఇంకొకణ్ణి తిడుతుంటే విని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను."

"జపాన్ పాటంటేనండీ..."

"నువ్వు వాయిస్తావు. వాళ్ళకి నచ్చిందా, నీ ఉద్యోగం పర్మనెంటు. నచ్చలేదా, అప్పుడు చూద్దాం."

అప్పుడు చూసేది ఏమిటో నాకు తెలుసు. "అలాగేనండీ" అన్నాను. అని, బయటికొచ్చి, రిసెప్షన్ బల్ల వెనకాల నేల మీద కూర్చుని ఫోన్లో వెతకడం మొదలుపెట్టాను. జపాన్ వాళ్ళ సంగీతంలో ఐదు స్వరాల వరసలు కొన్ని ఉన్నాయనీ, అందులో ఒకదాని పేరు హిరాజోషి అనీ తెలిసింది. నిజానికి అది కోటో అనే వాళ్ళ తంతి వాద్యాన్ని శ్రుతి చేసే పద్ధతిట. కోటో అంటే మనిషి పొడుగు చెక్క మీద పదమూడు తీగలు. ఆ వరసనే పియానో మీద కూడా వాయించుకోవచ్చని ఎవరో మహానుభావుడు రాశాడు. ఏడు కాదు, పన్నెండు కాదు, ఐదే ఐదు స్వరాలు. నా చేతికి ఉన్న వేళ్ళు కూడా ఐదే. దీన్ని దైవ నిర్ణయం అనుకోకుండా ఉండడానికి నాకు ఒక్క కారణం కనిపించలేదు.

పియానో నేర్పడానికి నాకు తెలిసిన మనిషి ఒక్కరే. గుణదల అత్తయ్య. మా నాన్నకి పెద్దక్క. కాన్వెంటు స్కూల్లో ముప్ఫై ఏళ్ళు సంగీతం టీచరు చేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. "తాళం తప్పే మనిషితో ఇల్లు నడపలేను" అనేది. ఇప్పటికీ ఆదివారం పూజలో హార్మోనియం ఆవిడదే, గాయకబృందమంతా ఆవిడ కనుబొమల వంక చూసి పాడేవాళ్ళు. స్కూలు వాళ్ళు సంగీతం గది ఎత్తేసినప్పుడు అక్కడి పాత పియానోని రిక్షాబండి మీద ఇంటికి తెచ్చుకుంది. దాని పొడుగు కోసం మంచం వరండాలోకి మారింది.

సంగతంతా విని అత్తయ్య పియానో మీద కప్పిన గుడ్డ తీసి మడిచిపెట్టింది. తర్వాత, "ఎన్నాళ్ళుంది?" అంది.

"ఎనిమిది రోజులు."

"ఎన్ని స్వరాలు?"

"ఐదు."

"రోజుకొకటి నేర్చుకున్నా మూడ్రోజులు మిగుల్తాయి. కూర్చో."

నేను ఫోన్లో చూసి రాసుకున్న కాగితాన్ని ఆవిడ కళ్ళజోడు పైకెత్తి చూసింది. ఎ, బి, సి, ఇ, ఎఫ్, ఇంగ్లీషు వాళ్ళ సరిగమల్లో. పియానో దగ్గరికి వెళ్ళి ఎడమ చేత్తో, కింది స్థాయిలో, ఒకసారి మెల్లగా వాయించింది. ఆ ఐదు స్వరాలూ వరండా దాటి వెళ్ళాయి. ఎదురింటి వాళ్ళ కుక్క లేచి నిలబడింది.

"ఇదా" అంది అత్తయ్య. "మన మోహనం తెలుసుగా? చర్చిలో వాయించే కీర్తనలు సగం దాన్లోవే. ఆ మోహనంలో గాంధారాన్నీ ధైవతాన్నీ ఒక్కో మెట్టు కిందికి దించెయ్. అంతే. నవ్వే మనిషికి రెండు పళ్ళు పీకితే ఎలా ఉంటాడో అలా ఉంటుంది." ఇలాంటి పోలికలతో ఆవిడ ఎన్ని తరాల ఆడపిల్లలకి సంగీతం నేర్పిందో తల్చుకుంటే నాకు ఇప్పటికీ భయం వేస్తుంది.

ఇందులో ఒక సుఖం ఉంది. ఎ నుంచి మొదలుపెడితే అన్నీ తెల్ల మెట్లే, నల్ల మెట్టు ఒక్కటి కూడా తాకక్కర్లేదు. ఒక కష్టమూ ఉంది. తెల్లవాటిలో రెండింటిని, అంటే డి, జి లని, దాటి వెళ్ళాలి. పొరపాటున వాటి మీద వేలు పడిందా, జపాన్ కాస్తా మాయమై బెజవాడ వచ్చేస్తుంది. నా వేళ్ళకి ఆ రెండు మెట్లంటే ఎక్కడ లేని ప్రేమ. వద్దన్న కొద్దీ వాటి మీదికే పరిగెత్తేవి. రెండో రోజుకి అత్తయ్య విసిగిపోయి, పక్కింటావిడని అడిగి ఎర్ర బొట్టుబిళ్ళల అట్ట తెచ్చి, ప్రతి డి మీదా ప్రతి జి మీదా ఒక్కోటి అంటించింది. "ఇవి ముత్తైదువలు. వీళ్ళ మీద చెయ్యి వెయ్యకూడదు" అంది. ఆ మాట బాగా పనిచేసింది. మూడో రోజు నుంచి నా వేళ్ళు వాళ్ళని చూసి పక్కకి తప్పుకుని, ఎంతో మర్యాదగా నడవడం మొదలుపెట్టాయి.

వరస వచ్చింది, మరి పాట? ఫోన్లో ఒక జపాన్ బామ్మ కోటో వాయించే వీడియో దొరికింది. కానీ నా నెట్ ప్యాక్ అరనిమిషానికి అయిపోయింది. రీచార్జి చేయించుకుని చూద్దును కదా, అంతమంది బామ్మల్లో మళ్ళీ ఆవిడ దొరకలేదు. "అరనిమిషం చాల్లే. మిగతాది నేను కడతా" అంది అత్తయ్య. అలా ఆ పాట మొదటి సగం జపాన్లో పుట్టింది, రెండో సగం గుణదలలో. అతుకు కనపడకూడదని ఆవిడ రెండు పూటలు కష్టపడింది.

అసలు చిక్కు ఎఫ్ దగ్గర వచ్చింది. అత్తయ్య పియానోలో మధ్యనున్న ఎఫ్ మెట్టు పలకదు. లోపల ఎలుకలు ఏదో కొరికేశాయిట. నొక్కితే చెక్క చప్పుడు తప్ప స్వరం రాదు. ఐదింట్లో అదే ప్రాణం లాంటి స్వరం. ఏళ్ళ తరబడి ఆ లోటుని అత్తయ్య నోటితోనే పూడ్చుకుంటోంది. వేలు ఎఫ్ మీదికి వెళ్ళగానే కచ్చితమైన శ్రుతిలో "టింగ్" అంటుంది. నన్ను కూడా అనమంది. "చెవికి అలవాటు కావాలి, నోరు తెరువు." నేను తెరిచాను. ఎ, బి, సి, ఇ, టింగ్. టింగ్, ఇ, సి, బి, ఎ. పాటలో ఎఫ్ పద్దెనిమిది సార్లు వస్తుంది. రోజుకి ముప్ఫై సార్లు ఆ పాట వాయించేదాన్ని. ఇంటికెళ్ళి అన్నం తింటూ, మధ్యమధ్యలో టింగ్ అంటుంటే, అమ్మ నా నుదుటి మీద చెయ్యేసి చూసింది.

ఐదో రోజు నుంచి హోటల్లో కూడా సాధన మొదలుపెట్టాను. మధ్యాహ్నం మూడింటికి లాబీ ఖాళీగా ఉండేది. పూలకుండీ, స్వామి పటం పక్కన బల్ల మీదికి మారాయి. హోటలు పియానోలో ఎఫ్ నిక్షేపంలా పలికింది. నేను జాగ్రత్తగా రెండు బొట్టుబిళ్ళలు అంటించుకుని వాయించాను. రెండోసారి వాయిస్తుండగా, భోజనం చేసి వెళ్తున్న ఒక పెద్దమనిషి రిసెప్షన్ దగ్గర ఆగి, గొంతు తగ్గించి, "ఎవరండీ పోయింది?" అని అడిగారు. ఎవరూ పోలేదని చెబితే ఆయన నమ్మలేదు. బిల్లు కట్టి, చేతులు జోడించి మరీ వెళ్ళారు.

ఈ మాట చైర్మన్ గారి చెవిన పడింది. ఆయన వచ్చి సోఫాలో కూర్చుని పాటంతా విన్నారు.

"దీని పేరేంటన్నావ్?"

"హిరాజోషి అండీ."

"ఎవరమ్మా ఈ జోషి? పూనా ఆయనా?"

"మనిషి కాదండీ, స్వరాల వరస పేరు."

"ఎవరైతేనేంలే. ఈ జోషి గారు మరీ దిగులు మనిషిలా ఉన్నాడు. కొంచెం స్పీడుగా వాయించు, హుషారొస్తుంది."

స్పీడుగా వాయించాను. ఆయన ముఖం ఇంకా పాలిపోయింది. "ఇందాక పోయినాయన ఇప్పుడు దెయ్యమై తిరిగొచ్చినట్టుందమ్మా. ముందరిదే నయం" అన్నారు. పోతూ పోతూ, మధ్యలో ఒక సినిమా పాట కలపడానికి వీలవుతుందేమో చూడమన్నారు.

ఆ సాయంత్రం అత్తయ్యతో ఈ మాట అంటే ఆవిడకి కోపం వచ్చింది. "అది ఏడుస్తుంటే ఏడవనీవే. వాళ్ళ ఏడుపు వాళ్ళిష్టం. ఆపడానికి మనమెవరం?" అంది. కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. జపాన్ నుంచి ఇంతదూరం వచ్చినవాళ్ళు గుమ్మంలో అడుగు పెట్టగానే చావు వాయిద్యం వినపడి వెనక్కి తిరిగి వెళ్ళిపోతున్నట్టు, వాళ్ళ వెనకాల చైర్మన్ గారు, ఆయన వెనకాల బీయీడీ ఫారం పట్టుకుని మా నాన్న పరిగెడుతున్నట్టు ఊహలు వచ్చాయి. ఆ వయసులో నాకు ఊహలకి మాత్రం ట్రైనింగు అక్కర్లేదు.

గురువారం వచ్చింది. మే నెల ఎండ సాయంత్రం ఐదైనా రోడ్డు మీద నుంచి కదలలేదు. నేను ఇస్త్రీ చేసిన యూనిఫాం చీరలో పియానో ముందు కూర్చున్నాను. అత్తయ్య తెల్ల చీర, నల్ల హ్యాండ్‌బ్యాగుతో సిటీ బస్సులో వచ్చి, ఎవరో అతిథి అయినట్టు, లాబీ సోఫాలో పత్రిక విప్పుకుని కూర్చుంది. (పత్రిక తలకిందులుగా ఉందని నేను సైగ చేశాను. ఆవిడకి అర్థం కాలేదు.) చైర్మన్ గారు గుమ్మం దగ్గర బంతిపూల దండలతో నిలబడ్డారు. ఐదున్నరకి వ్యాను ఆగింది.

ముందు, వాళ్ళ మాటలు మాకు తెలుగులో చెప్పే దుబాసీ మేడమ్ దిగింది. మంగళగిరి ఆవిడ, భర్త ఉద్యోగం వల్ల పదేళ్ళు జపాన్లో ఉండి వచ్చిందిట, ఆకుపచ్చ జరీ అంచు మంగళగిరి చీరలో నిటారుగా నడిచి వచ్చింది. ఆవిడ వెనకాల ముగ్గురు నడివయసు ఇంజినీర్లు, అందరికన్నా వెనక అరవై దాటిన ఒక పెద్దాయన. నలుగురి ముఖాలూ కందిపోయి ఎర్రగా ఉన్నాయి. దండలు పడ్డాయి. చైర్మన్ గారు నా వైపు తిరిగి రెండు పెన్నుల్లో ఒకటి తీసి గాలిలో ఊపారు. అది నాకు సంజ్ఞ.

వేళ్ళు పెట్టాను. ఎ, బి, సి, ఇ. హాయిగా వచ్చాయి. తర్వాత ఎఫ్ నొక్కాను. పియానో చక్కగా పలికింది. దాంతో పాటే నేను కూడా పలికాను.

"టింగ్."

లాబీ అంతా వినపడింది. అలవాటు అన్నది ఎంత ఘోరమైనదో అప్పుడు తెలిసింది. ఇంక అనకూడదని పళ్ళు బిగించాను. వేలు మళ్ళీ ఎఫ్ మీదికి వెళ్ళింది, నోరు దానంతట అదే తెరుచుకుంది. టింగ్. మూడోసారి పెదవులు లోపలికి మడుచుకున్నాను. ఈసారి నేను అనలేదు. కానీ వినపడింది. సోఫా మీద నుంచి, తలకిందుల పత్రిక వెనకాల నుంచి, కచ్చితమైన శ్రుతిలో, అత్తయ్య అంది. పాపం ఆవిడ కూడా ఏళ్ళ తరబడి అలవాటు పడిన మనిషే కదా. అక్కడి నుంచి ఒకసారి నేను, ఒకసారి ఆవిడ, కొన్నిసార్లు ఇద్దరం కలిసి, పద్దెనిమిది టింగ్‌లూ పూర్తి చేశాం. ముత్తైదువలని మాత్రం ఒక్కసారి కూడా తాకలేదు. ఆ సంగతి గమనించే స్థితిలో అక్కడ ఎవరూ లేరు.

పాట అయింది. పైన ఫ్యాను చప్పుడు. పెద్దాయన మెల్లగా నడిచి పియానో దగ్గరికి వచ్చాడు. దుబాసీ మేడమ్‌తో ఏదో అన్నాడు. ఆవిడ నా వైపు తిరిగి, ముఖంలో ఏ భావమూ లేకుండా, "సార్ అడుగుతున్నారు. మధ్యలో 'టింగ్' అనడం ఇక్కడి సంప్రదాయమా?" అంది.

నేను నోరు విప్పే లోపల చైర్మన్ గారు అందుకున్నారు. "అవునని చెప్పండి మేడమ్. మా కృష్ణా జిల్లా పద్ధతి. పెద్దవాళ్ళ కాలం నుంచీ ఉంది. అదుగో, ఆ సోఫాలో ఆవిడెవరో నాకు తెలీదు, ఆవిడ కూడా అనలేదూ? ఇక్కడ అందరూ అంటారు."

ఆవిడ చెప్పింది. పెద్దాయన గౌరవంగా తల వంచాడు. ఇంకొక మాట అన్నాడు. ఈసారి దుబాసీ మేడమ్ కూడా కొంచెం నవ్వింది. "వాళ్ళ దేశంలో కొత్త సంవత్సరం రోజుల్లో దుకాణాల్లో, స్టేషన్లలో ఇలాంటి సంగీతమే మోగుతూ ఉంటుందండీ. ఇది వినపడగానే సార్‌కి చిన్నప్పటి పండగ గుర్తొచ్చిందిట. విజయవాడలో మే నెలలో కొత్త సంవత్సరం వచ్చిందా అనుకున్నారట."

మేమంతా చావు వాయిద్యం అనుకున్నది వాళ్ళకి పండగ పాట. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. చైర్మన్ గారికి మాత్రం ఆ మాటల్లో రెండే వినపడ్డాయి, కొత్త సంవత్సరం, మే నెల. ఆయన ముఖం వెలిగిపోయింది. పెద్దాయన రెండు చేతులూ పట్టుకుని ఊపుతూ, "హ్యాపీ న్యూ ఇయర్ సార్, ముందే తెలిస్తే స్టేజీ కట్టించేవాణ్ణి" అన్నారు. అని, వంటగది వైపు పరిగెత్తారు. ఆపడానికి ఎవరికీ వ్యవధి దొరకలేదు.

ఈలోగా పెద్దాయన ఇంకొకటి వాయించమన్నాడు. దుబాసీ మేడమ్ ఆ మాట చెప్పగానే మెట్ల మీదనుంచి చేతులు తీసేశాను. నాకు ఇంకొకటి రాదు. బొత్తిగా రాదు. చర్చి పాట ఒక వేలితో వాయించడం తప్ప ఈ లోకంలో నాకు వచ్చిన సంగీతం అంతా అప్పుడే అయిపోయింది. వంటగది గుమ్మంలో చైర్మన్ గారు తిరిగి వస్తూ కనపడుతున్నారు. ఇప్పుడు చెప్తే ఆయన వింటారు. చెప్పకపోతే ఏం వాయించను? అత్తయ్య పత్రిక దించి నన్నే చూస్తోంది. కనుబొమలు రెండూ పైకి లేచి ఉన్నాయి. గాయకబృందంలో ఎవరైనా పాట మరిచిపోయినప్పుడు ఆవిడ అలాగే చూసేది. దాని అర్థం, దాచకు, ఆగిపో అని.

"నాకు ఇదొక్కటే వచ్చండీ" అన్నాను. "పియానో నాకు రాదు. ఎనిమిది రోజుల కిందట నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఈ ఐదు మెట్లు తప్ప మిగతావి నాకు తెలీవు. సగం పాట మీ దేశానిది, సగం మా అత్తయ్య కట్టింది. టింగ్ అనేది సంప్రదాయం కాదు, మా అత్తయ్య పియానోలో ఆ మెట్టు ఎలుకలు కొరికేశాయి."

దుబాసీ మేడమ్ ఒక్క మాట కూడా వదలకుండా చెప్పినట్టుంది, ఎందుకంటే ఎలుకల దగ్గర చేత్తో కూడా చూపించింది. చైర్మన్ గారు గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. ఆ నిమిషంలో బీయీడీ ఫారంలో తండ్రి పేరు దగ్గర ఏ పెన్నుతో రాయాలా అని కూడా నేను ఆలోచించేశాను.

పెద్దాయన నవ్వలేదు. బెంచీ మీద కాస్త జరగమన్నట్టు సైగ చేసి నా పక్కన కూర్చున్నాడు. తనకి అరవై మూడేళ్ళు వచ్చాయనీ, చిన్నప్పటి నుంచీ ఈ సంగీతం వింటున్నాననీ, ఒక్క స్వరం కూడా వాయించడం రాదనీ, ఎనిమిది రోజుల్లో తను కూడా నేర్చుకోగలనా అనీ అడిగాడు. "ఎలా మొదలుపెట్టాలి అంటున్నారు" అంది దుబాసీ మేడమ్.

జపాన్ మనిషికి జపాన్ వరస నేర్పమని నన్ను అడుగుతున్నారు. నేను చుట్టూ చూశాను. నేర్పాల్సిన మనిషి సోఫాలో ఉంది. "అత్తయ్యా" అన్నాను. ఆవిడ పత్రిక మడిచి, హ్యాండ్‌బ్యాగు చంకన పెట్టుకుని లేచి వచ్చింది. నడుస్తూనే టీచరైపోయింది.

"వీపు నిటారుగా పెట్టమనండి. వేళ్ళు గుండ్రంగా. ఎర్ర బొట్లున్న రెండూ ముట్టుకోకూడదు."

"ఎందుకని అడుగుతున్నారు."

"ముత్తైదువలని చెప్పండి."

దుబాసీ మేడమ్ ఆ మాటని జపాన్ భాషలోకి ఎలా మార్చిందో దేవుడికే తెలియాలి. చాలాసేపు చెప్పింది. పెద్దాయన ఆ రెండు మెట్లకీ కూర్చున్న చోటి నుంచే తల వంచి నమస్కారం చేశాడు. తర్వాత చూపుడు వేలితో ఎ నొక్కాడు. బి నొక్కాడు. సి, ఇ. ఎఫ్ దగ్గర ఆగి, నా వంకా అత్తయ్య వంకా చూసి, గంభీరంగా, "టింగ్" అన్నాడు. వెనకాల నిలబడ్డ ముగ్గురు ఇంజినీర్లూ ఒకేసారి నవ్వేశారు. నేనూ నవ్వాను. అత్తయ్య మాత్రం నవ్వలేదు. "శ్రుతి తక్కువైంది. మళ్ళీ అనమనండి" అంది.

పావుగంటకి నలుగురూ వరసగా బెంచీ మీద కూర్చుని లేచారు, నలుగురూ టింగ్ అన్నారు. అప్పుడే వంటగదిలోంచి ఒక పళ్ళెం నిండా వేడి వేడి పూర్ణం బూరెలు, వాటి మధ్యలో ఒక కేకు వచ్చాయి. కేకు మీద ఎవరి పుట్టినరోజుకో సిద్ధం చేసినది చెరిపి, 'హ్యాపీ న్యూ ఇయర్' అని రాశారు. ఏ సంవత్సరమో తేలక అంకెలు వదిలేశారు. జపాన్ వాళ్ళు దాన్ని మా ఊరి పండగనుకున్నారు, చైర్మన్ గారు వాళ్ళ పండగనుకున్నారు, ఇరుపక్షాలూ ఒకరినొకరు నొప్పించకూడదని ఎంతో శ్రద్ధగా శుభాకాంక్షలు చెప్పుకున్నారు. పెద్దాయన బూరె కొరికితే నెయ్యి మోచేతి దాకా కారింది. మే నెల పదహారో, పదిహేడో తారీఖు. మా హోటల్లో అంత మంచి కొత్త సంవత్సరం మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

వాళ్ళు పైకి వెళ్ళాక చైర్మన్ గారు నన్ను పిలిచారు. అత్తయ్య కూడా నాతో వచ్చి నిలబడింది. ఆయన కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి, "అమ్మాయ్, నాకు కోపం రావాలి. వస్తుందేమోనని ఇందాకట్నుంచీ చూస్తున్నా, రావట్లేదు" అన్నారు. తర్వాత అత్తయ్య వైపు తిరిగి, "అమ్మా, మీరు సాయంత్రాలు ఖాళీయేనా?" అని అడిగారు.

జపాన్ వాళ్ళు మూడో అంతస్తు తీసుకున్నారు. అందుకు కారణం పియానో అని చైర్మన్ గారూ, బూరెలని వంట మాస్టారూ చివరి దాకా వాదించుకున్నారు (కంపెనీ ఆఫీసు అక్కడికి దగ్గర కావడమే అసలు కారణమని దుబాసీ మేడమ్ నాతో రహస్యంగా చెప్పింది). నా ఉద్యోగం పర్మనెంటైంది, పియానో దగ్గర కాదు, రిసెప్షన్‌లోనే. వారానికి మూడు సాయంత్రాలు అత్తయ్య సిటీ బస్సులో వచ్చి లాబీలో వాయించేది. పెద్దాయన ప్రతిసారీ ముందు వరసలో కూర్చునేవాడు. అతని వరస ఎనిమిది రోజుల్లో రాలేదు, ఎనిమిది నెలలు పట్టింది. వచ్చిన రోజున అత్తయ్య అతనికి ఒక చాక్లెట్ ఇచ్చింది.

ఇదంతా జరిగి పదమూడేళ్ళయింది. అత్తయ్యకి ఇప్పుడు చెవులు సరిగ్గా వినపడవు, అయినా ఎదుటి మనిషి మాటలో శ్రుతి తప్పితే మాత్రం తెలుస్తుందంటుంది. నేను హోటళ్ళు మారి మారి, ఇప్పుడు ఒక ఆఫీసులో గౌరవంగా కుర్చీలో కూర్చునే మనిషినయ్యాను. ఏ పనైనా ఒప్పుకునే ముందు రెండుసార్లు ఆలోచిస్తాను, మూడోసారి మెయిల్‌లో రాసి పంపమంటాను. మొన్న మా ఆఫీసులో లెక్కలకి కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. నాలుగు బటన్లు. నేర్చుకోవడానికి ఎన్నాళ్ళు కావాలి మేడమ్ అని అడిగితే, కళ్ళజోడు సర్దుకుని, చాలా బాధ్యతగా, మూడు నెలలు అడిగాను. వాళ్ళు ఒప్పుకున్నారు. బయటికొచ్చి లిఫ్టు అద్దంలో చూసుకుంటే, ఎనిమిది రోజుల్లో ఒక దేశాన్ని నేర్చేసుకోగలనని నమ్మిన ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల నా వెనకాల ఎక్కడో నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టనిపించింది. నవ్వుకోనీ అనుకున్నాను. ఆ పిల్లకి భయపడడం రాదు. నాకు అది మాత్రం బాగా వచ్చేసింది, ఎవరూ నేర్పకుండానే.